జానయ్య సంతకం, పాత పంతొమ్మిదో వార్డు

సూర్యాపేటలో పాత పంతొమ్మిదో వార్డు ఇప్పుడు లేదు. వార్డుల సంఖ్య పెంచినప్పుడు దాన్ని ముక్కలు చేసి కొత్త నంబర్లకు పంచేశారు. ఈ నంబర్లు కూడా అసలువి కావు, నేను మార్చి రాస్తున్నాను. అసలువి రాస్తే రేపు పొద్దున్నే ఎవడో ఒకడు మా గేటు ముందు నిలబడి "మా గురించేనా సార్ రాసింది" అని మొదలుపెడతాడు. నేను రిటైరైన లెక్కల మాస్టారిని. పేరు జయరాజు. కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు.

ఒక వార్డు ఎన్నికల చరిత్ర అంటే గెలిచినవాళ్ల పేర్లు వరసగా రాస్తే చాలనుకుంటారు జనం. ఆ పేర్లు ఎలాగూ ఎక్కడో ఒకచోట రాసే ఉంటాయి. నేను చెప్పేది ఏ బోర్డుకూ ఎక్కని మనిషి గురించి. జానయ్య అని, మా సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు. పంతొమ్మిదో వార్డులో నాలుగుసార్లు ఎన్నికలు జరిగితే, గెలిచిన నలుగురినీ ప్రతిపాదించింది ఆయనే.

తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. కౌన్సిలర్‌గా పోటీ చేసే మనిషి ఓటు ఊళ్లో ఏ వార్డులో ఉన్నా చెల్లుతుంది. కానీ ఆ మనిషిని ప్రతిపాదిస్తూ నామినేషన్ కాగితం మీద సంతకం పెట్టేవాడి ఓటు మాత్రం పోటీ చేసే వార్డులోనే ఉండాలి. ఇదేం పెద్ద పని అనిపిస్తుంది. చేసి చూస్తే తెలుస్తుంది. ఓటు ఎవరికి వేశావో దేవుడికి తప్ప తెలియదు. సంతకం ఎవరికి పెట్టావో మాత్రం సాయంత్రానికల్లా బజారంతా తెలిసిపోతుంది. అందుకే ఓటేస్తామనేవాళ్లు వందమంది దొరికినా, సంతకం పెట్టేవాడు ఒక్కడు దొరకడు.

తొంభై అయిదులో ఒక హోటలాయన నిలబడ్డాడు. ఎదుటివాడు బలమైనవాడు కావడంతో ఎవరూ సంతకానికి రాలేదు. ఆఖరి రోజు ఆయన తెల్లచొక్కా ఇస్త్రీకిచ్చి బండి పక్కన తలపట్టుకుని కూర్చుంటే, జానయ్య విషయమేంటని అడిగి, ఇస్త్రీపెట్టె పక్కకు జరిపి, ఆ బల్ల మీదే కాగితం పరిచి సంతకం పెట్టాడు. హోటలాయన అరవై మూడు ఓట్లతో గెలిచాడు. రెండు వేలలో నూనె గానుగ ఆయన వచ్చాడు, గెలిచాడు. రెండు వేల అయిదులో వార్డు మహిళలకు రిజర్వయితే గానుగాయన తన భార్యను తీసుకొచ్చాడు. ఆమె గెలిచింది, ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఆమె పదవీకాలం అయ్యాక నాలుగేళ్లు ఎన్నికలే లేవు, ప్రత్యేకాధికారి పాలన. రెండు వేల పద్నాలుగులో ఒక ట్రాక్టర్ మెకానిక్ గెలిచాడు. అప్పటికి జానయ్య చెయ్యి మంచిదని పేరు స్థిరపడిపోయింది. సంతకానికి వచ్చేవాళ్లు ముందు ఒక జత తెల్లబట్టలు తెచ్చి ఇస్త్రీ చేయించుకునేవారు. అదొక ఆచారమైపోయింది.

జానయ్యకు ఒకటే నియమం. ముందు వచ్చి అడిగినవాళ్లకే సంతకం. రెండోవాడు మహారాజైనా సరే, "ఇచ్చేసిన మాట మల్ల ఎట్ల తీసుకుంట అన్నా" అనేవాడు. దానికి ఆయన భార్య నర్సమ్మ మూతి తిప్పేది.

"నలుగురు గెలిచిన్రు. నలుగుర్ల ఒక్కడన్న మన సందుల మోరీ మీద బండ ఏపిచ్చిండా? ఇస్త్రీ చేసి పంపుడు, ఇంట్ల కూసొని మోరీ వాసన సూసుడు" అనేది నా ముందే. మా సందు మురుగుకాలవకు మూతబండ లేదన్నది ఆమె కోపం.

జానయ్య నవ్వి ఊరుకునేవాడు. లోపల మాత్రం ఆయనకు ప్రతి ఎన్నికా ఒక జ్వరమే. ఓట్లు లెక్కించే రోజున అన్నం ముట్టేవాడు కాదు. గెలిస్తే చెయ్యి మంచిదన్నవాళ్లే ఓడితే చెయ్యి చెడిందంటారని ఆయనకు తెలుసు.

రెండు వేల ఇరవై జనవరిలో కొత్త వార్డులతో ఎన్నికలొచ్చాయి. మా సందూ దాని అవతలిదంతా ఇరవై ఎనిమిదో వార్డనే అనుకున్నాం, అది గిరిజన మహిళకు రిజర్వయింది. ఊళ్లో ఇళ్లూ గదులూ చాలా ఉన్న ఒక పెద్దాయన, తన దగ్గర కారు నడిపే వీరేందర్ భార్య సంగీతను నిలబెట్టాడు. ఎవరూ పోటీకి రాకుండా ఏకగ్రీవం చేసుకోవాలని ఆయన ఆలోచన. ఆ పిల్ల మంచిదే, పాపం, ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

అంతకు ముందురోజే తులసీరాం జానయ్య బండి దగ్గరికి వచ్చాడు. మోతె దగ్గరి తండా నుంచి ముప్పై ఏళ్ల కింద వచ్చి, మార్కెట్ యార్డులో హమాలీగా పనిచేస్తున్నాడు. పక్కన కూతురు స్వరూప ఉంది. సందు అవతల కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. అప్పుడు నేను చొక్కా కోసం అక్కడే నిలబడి ఉన్నాను.

"అన్నా, మా పిల్ల నిలవడుత అంటున్నది. నీ సంతకం కావాలె" అన్నాడు తులసీరాం.

జానయ్య స్వరూప వైపు చూశాడు. "నువ్వు నిలవడుతున్నవా బిడ్డా, నీ పేరు మీద మీ నాయిన నిలవడుతున్నడా?"

"నేనే పెద్దనాయినా. మా నాయినకు బస్తాలు మోసుడే సరిపోతది" అంది స్వరూప.

జానయ్యకు ఆ జవాబు నచ్చింది. మాటిచ్చాడు. మర్నాడు పెద్దాయన మనిషి కారులో వచ్చి సంగీత తరఫున సంతకం అడిగితే, ముందే ఒకరికి మాటిచ్చానని చెప్పి పంపించాడు. ఆ మనిషి కోపం చేసుకోలేదు. "మంచిది జానయ్యా, సూద్దాం" అని మాత్రం అన్నాడు. అలాంటి మర్యాదంటే నాకు భయం.

నామినేషన్ కాగితం నింపింది నేనే. ముప్పై ఏళ్లు పోలింగ్ డ్యూటీలు చేసినవాణ్ణి, ఈ కాగితాలు నాకు లెక్కా అని ధీమా. జానయ్య ఓటరు నంబరు నాలుగు వందల పన్నెండు అని నాకు నోటికి వచ్చు. జాబితా తెరిచి చూడకుండానే రాసేశాను. నామినేషన్లు మొదలైన రెండో రోజు వెళ్లి దాఖలు చేసి వచ్చాం. తీసుకునేటప్పుడు రసీదు ఇస్తారు, తప్పొప్పులు తేల్చేది తర్వాత పరిశీలన రోజునే.

ఆఖరి రోజు మధ్యాహ్నం తులసీరాం ప్రచారం కోసమని ఇరవై ఎనిమిదో వార్డు కొత్త ఓటర్ల జాబితా జిరాక్సు, దాంతోపాటు ఇరవై ఏడోదీ తెచ్చి నా చేతికిచ్చాడు. మా సందు ఇళ్లు గుర్తు పెడదామని పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. ఇరవై ఎనిమిదో జాబితాలో మా సందే లేదు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. రోడ్డుకు అవతలి ఇళ్లున్నాయి, ఇవతలివి లేవు. ఇరవై ఏడో వార్డు జాబితా తీసి చూస్తే అందులో నేనున్నాను, నా భార్య ఉంది, జానయ్య కూడా ఉన్నాడు. రెండు వార్డుల మధ్య గీత సరిగ్గా మా సందు మొదట్లోంచి పోయింది. జానయ్య బండి ఇరవై ఎనిమిదిలో ఉంది, ఇల్లు ఇరవై ఏడులో ఉంది. రోజంతా బండి దగ్గరే కనిపించే మనిషి ఓటు కూడా అక్కడే ఉంటుందని అందరం అనుకున్నాం. నాలుగుసార్లు చెల్లిన సంతకం అయిదోసారి చెల్లదని ఎవరికీ తోచలేదు. లెక్కల మాస్టారికి కూడా.

చెప్పులు వేసుకోకుండానే బండి దగ్గరికి వెళ్లాను. అప్పుడు ఒంటిగంటన్నర. నామినేషన్లకు గడువు అయిదు.

విషయం చెబితే జానయ్య ఇస్త్రీపెట్టెను చీర మీద అలాగే వదిలేశాడు. నేనే తీసి పక్కన పెట్టాను.

"అంటే ఆ పిల్ల కాయితం చెల్లదా సారూ?"

"నీ సంతకంతో చెల్లదు. రేపు పరిశీలనలో కొట్టేస్తారు. అవతల సంగీత ఒక్కతే మిగులుతుంది. ఏకగ్రీవం."

ఆయన బండి చక్రం మీద కూర్చున్నాడు. "పెద్దాయన మనిషి మొన్ననే నా తాన కారు ఆపిండు. నలుగురు సూసిన్రు. రేపు ఈ కాయితం పోతే ఏమంటరు సారూ? జానయ్య కావాల్నని తప్పు సంతకం పెట్టిండు, అమ్ముడువోయిండు అంటరు. తులసీరాం మొఖం నేనెట్ల సూడాలె?"

నేను జాబితా చూడకుండా రాసినందుకు ఆయన పరువు పోతుందన్నమాట. నన్ను ఒక్క మాట కూడా అనలేదు ఆయన. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

గడువులోపల ఇంకో నామినేషన్ వేయవచ్చు. కొత్త కాగితం, స్వరూప సంతకం, ఇరవై ఎనిమిదో వార్డులో ఓటున్న ఇంకొకరి సంతకం. మొదటి రెండూ పది నిమిషాల పని. తులసీరాం ఇంట్లో స్వరూప ఓటొక్కటే ఇక్కడుంది, మిగతావి ఇంకా తండాలోనే ఉన్నాయి. మూడోదాని కోసం జానయ్యా నేనూ రోడ్డు దాటి ఏడిళ్లు తిరిగాం. ఒకాయన గరిడేపల్లిలో నాట్లున్నాయని అప్పుడే బయల్దేరుతున్నట్టు చెప్పులేసుకున్నాడు. ఒకామె "మా ఇంటాయన లేడు" అంది, లోపల ఆయన దగ్గు వినిపిస్తూనే ఉంది. ఇద్దరు పెద్దాయన గదుల్లో కిరాయికి ఉంటున్నారు, వాళ్లను అడగడమే తప్పు. మిగతావాళ్లు "ఓటు మాత్రం పిల్లకే సారూ" అని తలుపు వేసుకున్నారు. నేను ఏడో ఇంటి ముందు కాస్త గట్టిగానే తిట్టాను. దానివల్ల ఉపయోగమేమీ లేకపోయింది.

రెండుంబావు అయింది. తులసీరాం ఇంటి అరుగు మీద కూర్చుని జాబితాలో ఒక్కో పేరూ చూసుకుంటూ పోతున్నాను, ఎవరైనా ధైర్యస్థులు కనిపిస్తారేమోనని. ఒకచోట వేలు ఆగింది. "నర్సమ్మ, భర్త జానయ్య." పాత ఇంటి నంబరు.

"మీ ఆవిడ ఓటు ఇక్కడ ఉందేమిటి?" అన్నాను.

జానయ్య నెత్తి గోక్కున్నాడు. పద్దెనిమిదేళ్ల కింద రోడ్డుకు అవతల కిరాయింట్లో ఉండేవాళ్లు. సొంతిల్లు కట్టుకుని ఇటు వచ్చాక తన ఓటు కొత్త నంబరుకు మార్పించుకున్నాడు. భార్యది మార్పించడం మరిచాడు. పాత వార్డులో రెండిళ్లూ ఒకే పోలింగ్ స్టేషన్ కిందికి రావడంతో ఇన్నేళ్లూ ఎవరికీ పట్టలేదు. భార్య ఓటు గురించి మగాడి అశ్రద్ధ ఎవరికైనా మేలు చేయడం నా అనుభవంలో అదొక్కసారే.

కానీ నర్సమ్మ ఊళ్లో లేదు. మిర్యాలగూడలో కూతురు ఉషారాణికి జ్వరమొస్తే వారం కింద వెళ్లింది. జానయ్య ఫోన్ చేశాడు. తన తప్పు భార్యకు చెప్పుకోవడం ఆయనకు ఎంత కష్టమైందో చూశాను. మూడు వాక్యాలు చెప్పడానికి నాలుగుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఫోన్ స్పీకర్ పెట్టించాను, ఆయన మింగేసే మాటలు నేను అందివ్వాలి కదా.

మోరీ గురించి మొదలుపెడుతుందని అనుకున్నాను. ఆ సమయంలో ఆమె ఏమన్నా పడాల్సిందే.

"పిల్ల ఎవరు?" అని మాత్రం అడిగింది.

"తులసీరాం బిడ్డ. మిషన్ కుడతది సూడు."

"నీళ్ల ట్యాంకరోడు మన సందు ఇడిసిపెట్టి పోతుంటే అడ్డం నిలవడ్డ పిల్లనా? ఎరుకే. వస్తున్న. ఉషకు గంజి పోసి బస్సెక్కుత."

"గంజి తర్వాత అల్లుడు పోస్తడు గాని, నువ్వు ముందు బస్సెక్కు" అన్నాడు జానయ్య.

"గంజి పోసే వస్త" అని ఫోన్ పెట్టేసింది.

ఆ తర్వాత రెండు గంటలు ఎలా గడిచాయో నాకు సరిగా గుర్తు లేదు. కొత్త కాగితం నింపాను. ఈసారి ప్రతి నంబరూ జాబితా మీద వేలు పెట్టి చూసి రాశాను, స్వరూపతో మళ్లీ చదివించాను. ఆమె కంగారు పడలేదు. "తప్పు నీదీ నాదీ అని లేదు పెద్దనాయినా, నేను గూడ జాబితా సూడలే" అంది జానయ్యతో. జానయ్య ఆ మాటకు తల పైకెత్తలేకపోయాడు.

నర్సమ్మ బస్సు దిగేసరికి నాలుగుంబావు దాటింది. చేతిలో చిన్న సంచి, నుదుటి మీద చెమట. జానయ్య ఎదురెళ్లి సంచి అందుకున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఆమె సంచి మోయడం నేను చూడలేదు. ఆటోలో కూర్చున్నాక ఆమె ఒకటే అడిగింది.

"నాకు సంతకం రాదు గదా సారూ, ఏలుముద్ర చెల్లుతదా?"

"అధికారి ముందు వేస్తే చెల్లుతుంది" అన్నాను.

లోపలికి వెళ్లేసరికి నాలుగూ నలభై. మాకు ముందు ఇంకా ఇద్దరున్నారు. రిటర్నింగ్ అధికారి కోదాడ మనిషి, మాటలో కృష్ణా జిల్లా గాలి తగులుతుంది. పెద్దాయన మనుషులు కూడా ఒక మూలన నిలబడి ఉన్నారు. మొన్న కారులో వచ్చినాయన మమ్మల్ని చూసి, నర్సమ్మను చూసి, పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. వాళ్లకు వార్డు గీత సంగతి ముందే తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. రేపటిదాకా ఆగి పరిశీలనలో లేవదీద్దామని ఊరుకున్నారు.

అధికారి కాగితం తిప్పి చూశాడు. "మాస్టారూ, ఈ అభ్యర్థిది మొన్న ఒకటి వచ్చింది కదండీ?"

"అందులో తప్పు జరిగింది సార్. నాదే. ఇది రెండోది" అన్నాను. ఆ మాట పదిమంది ముందు అన్నాక నాకు హాయిగా ఉంది.

"అమ్మా, ఈవిడను మీరే ప్రతిపాదిస్తున్నారా? ఎవరూ బలవంతం చేయలేదు కదా?"

నర్సమ్మ ఒకసారి జానయ్య వైపు చూసింది. "బలవంతం చేస్తే నేనొచ్చేదాన్నా అయ్యా? ఆ పిల్ల నిలవడాలని వచ్చిన" అంది.

ఇంకు డబ్బా ముందుకు జరిపారు. ఆమె బొటనవేలు ముంచి కాగితం మీద గట్టిగా అద్దింది. అధికారి పక్కన తన సంతకం పెట్టి రసీదు చింపి ఇచ్చాడు. గోడ గడియారంలో అయిదుకు పదకొండు నిమిషాలుంది. జానయ్య ఆ రసీదు నా చేతిలోంచి తీసుకుని రెండుసార్లు చదివి, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. నర్సమ్మ పక్కన కూర్చుని "ఇగ లే, ఆకలైతున్నది" అంది.

మర్నాడు పరిశీలనలో మొదటి కాగితం కొట్టేశారు, రెండోది చెల్లిందన్నారు. తులసీరాం ఊరంతా తిరిగి ఆ సంగతి చెప్పాడు. జానయ్య అమ్ముడుపోయాడనే మాట పుట్టే వీలే లేకపోయింది. ఆ రాత్రి మూడేళ్ల తర్వాత నాకు మాత్ర వేసుకోకుండా నిద్ర పట్టింది.

పోలింగ్ రోజు మొగుడూ పెళ్లాలు సందు మొదట్లో విడిపోయి చెరోవైపు వెళ్లారు, ఆయన ఇరవై ఏడుకు, ఆమె ఇరవై ఎనిమిదికి. ఓట్ల లెక్కింపు రోజు జానయ్య అలవాటు ప్రకారం అన్నం ముట్టలేదు. మధ్యాహ్నానికి తెలిసింది. సంగీత గెలిచింది. స్వరూప నలభై ఒక్క ఓట్లతో ఓడిపోయింది.

నేను వెళ్లేసరికి జానయ్య బండి మూసేసి ఇంటి ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కాసేపటికి స్వరూప వచ్చింది. లెక్కింపు దగ్గర్నుంచి నేరుగా వచ్చినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. గెలిచిన నలుగురిలో ఒక్కరూ ఫలితం రోజున ఈ ఇంటికి రాలేదు. జానయ్య లేచి నిలబడ్డాడు.

"బిడ్డా, మా ఇంటి చెయ్యి గీసారి…" అని మొదలుపెట్టాడు.

"చెయ్యేంది పెద్దనాయినా" అంది స్వరూప. అక్కడే గడప మీద కూర్చుంది. "నాకు ఆరు వందల పద్నాలుగు ఓట్లు పడ్డయి. గా రెండో కాయితం లేకుంటే మా వార్డుల ఒక్కరు గూడ ఓటెయ్యకపోదురు. ఆరు వందల పద్నాలుగు మంది నన్ను కావాలన్నరని నాకు ఎట్ల తెలుస్తుండె?"

పాతికేళ్లుగా జానయ్య మోస్తున్నదేదో భుజాల మీద నుంచి దిగిపోతున్నట్టు మెల్లగా కుర్చీలో వెనక్కి వాలాడు. నర్సమ్మ లోపలి నుంచి టీ గ్లాసులు తెచ్చి, ముందు స్వరూపకిచ్చి, తర్వాత నాకిచ్చింది.

"అందుల ఒకటి నాది బిడ్డా" అంది. మొగుడి వైపు తిరిగి, "నువ్వు సంతకం పెట్టినోళ్లకు నేనెన్నడు ఏయలే" అని ఆయన గ్లాసు ఆయన చేతిలో పెట్టింది.

జానయ్య గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. తర్వాత ఆకలేస్తోందని, అన్నం పెట్టమని అడిగాడు.